మెట్టకు మాట, మాగాణికి మూట: ఇంధన పంటల ఇరవయ్యేళ్ల లెక్క

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. ఆఫ్రికాలోని తన వలసల్లో విరివిగా పండే శెనక్కాయతో అక్కడే యంత్రాలు నడుపుకోవచ్చునా అని ఫ్రెంచి ప్రభుత్వానికి అప్పట్లో ఆసక్తి ఉండేది. తర్వాత పెట్రోలియం చౌక కావడంతో ఆ ముచ్చట మూలపడింది. వందేళ్ల తర్వాత అదే ఆలోచన రాయలసీమ గడప తొక్కింది. ఈసారి శెనక్కాయ పేరు ఎవరూ ఎత్తలేదు. అడవి ఆముదం అన్నారు, కానుగ అన్నారు, తీపి జొన్న అన్నారు. ఇప్పుడు మొక్కజొన్న, నూకలు, నేపియర్ గడ్డి అంటున్నారు.

ప్రతిసారీ ఆశ పెట్టింది మెట్ట రైతుకే. నీళ్లు లేని చోట, వేరే పంట రాని చోట, పనికిరాదనుకున్న బంజరులో ఇంధనం పండుతుందన్నారు. ఊరికి పని దొరుకుతుందని, దేశానికి డాలర్లు మిగులుతాయని, గాలి శుభ్రపడుతుందని చెప్పారు. ఈ రెండు దశాబ్దాల్లో మన దగ్గర, మనలాంటి ఇతర దేశాల్లో ఏం జరిగిందో ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇంధన పంట మెట్టలో మొదలవుతుంది గానీ అక్కడ నిలవదు. నీళ్లు, ఎరువు, కచ్చితమైన కొనుగోలు ఉన్న చోటికే వలసపోతుంది. పాలకొండలకూ శేషాచలానికీ చేరువలో, చెయ్యేరు ఒడ్డునున్న రాజంపేట లాంటి ప్రాంతానికి ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

మాట మొదలైన తీరు

2002 డిసెంబరు 31న ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను 5 శాతం బయోడీజిల్ కలిపిన ఇంధనంతో ప్రయోగాత్మకంగా నడిపారు. 2003 జనవరిలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే పథకం తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ నివేదిక వచ్చింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని, అందుకు కోటి హెక్టార్లకు పైగా భూమిలో జట్రోఫా, అంటే అడవి ఆముదం, పెంచాలని ఆ నివేదిక సారాంశం. అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం తన ప్రసంగాల్లో ఈ మొక్కను పదేపదే ప్రస్తావించారు. 2004లో భావనగర్ లోని కేంద్ర పరిశోధనా సంస్థ తయారుచేసిన జట్రోఫా బయోడీజిల్‌తో మెర్సిడెస్ కారు నడిపి చూపించారు. ఛత్తీస్‌గఢ్ అయితే ఏకంగా జీవ ఇంధన సంస్థనే పెట్టుకుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాధ్యత వర్షాభావ ప్రాంతాల అభివృద్ధి కోసం ఏర్పాటైన శాఖ భుజాన పడింది. మొదట జట్రోఫా అన్నారు, కొన్నాళ్లకు మొగ్గు కానుగ వైపు తిరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమయ్యాక గుంతలు తవ్వడానికి, మొక్కలు నాటడానికి కూలి డబ్బు దొరికే దారి కూడా ఏర్పడింది. బీదలకు పంచిన డి.కె.టి. పట్టా భూములు, గుట్టల వాలులు, చేల గట్లు, అన్నీ కాగితం మీద పచ్చబడ్డాయి.

సీమ జనానికి ఈ మొక్కలేవీ కొత్త కాదు. కానుగ పుల్లతో పళ్లు తోముకున్న తరం ఇంకా ఉంది. కానుగ రొట్టను మడికి తొక్కేవారు, నూనెతో దీపం పెట్టేవారు, చెక్కను ఎరువుగా చల్లేవారు. అడవి ఆముదం కంచెకు పనికొచ్చేది, ఎందుకంటే జీవాలు దాన్ని ముట్టవు. ఊళ్లో ఒక మూల తన పని తాను చేసుకుపోయే మొక్కను ఎకరాలకెకరాలు పరిచి పంట చేయబోయినప్పుడే చిక్కు వచ్చింది.

ఎకరం లెక్క

జట్రోఫా ఎందుకు తప్పిపోయిందో తెలియాలంటే ఒక్క ఎకరం లెక్క వేస్తే చాలు. 2005 అక్టోబరులో కేంద్రం బయోడీజిల్ కొనుగోలు విధానం ప్రకటించింది. చమురు కంపెనీలు లీటరు 25 రూపాయలకు కొనాలన్నది నియమం. తర్వాత ఆ ధరను 26.50 చేశారు. ఒక లీటరు నూనెకు మూడున్నర నుంచి నాలుగు కిలోల ఎండు విత్తనం కావాలి. గానుగ ఖర్చు, రవాణా, నూనెను బయోడీజిల్‌గా మార్చే ఖర్చు పూర్తిగా పక్కన పెట్టినా రైతుకు కిలోకు ఆరేడు రూపాయలు మించి ఇవ్వడానికి వీల్లేదు. ఆ ఖర్చులు తీసేస్తే ఐదు రూపాయలు అందడమే గొప్ప.

రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు వెయ్యి మొక్కలు పడతాయి. మెట్టలో, నీరు పెట్టని చోట, చెట్టుకు అరకిలో విత్తనం వచ్చిందనుకున్నా ఎకరాకు ఐదు క్వింటాళ్లు. ఐదు రూపాయల లెక్కన 2,500. జట్రోఫా కాయ ఒక్కసారిగా పక్వానికి రాదు. ఒకే గెలలో పచ్చికాయ, పండుకాయ, ఎండుకాయ పక్కపక్కనే ఉంటాయి. అందుకని ఒకే చెట్టు చుట్టూ మళ్లీ మళ్లీ తిరగాలి. ఒక మనిషి రోజంతా ఏరి, ఒలిచి పాతిక కిలోలు తెచ్చినా ఐదు క్వింటాళ్లకు ఇరవై రోజుల కూలి. అప్పట్లో ఉపాధి హామీ కూలి 80 రూపాయలు. అంటే 1,600 కూలికే పోతుంది. మిగిలేది ఎకరాకు 900 రూపాయలు. అదీ మూడేళ్లు ఎదురుచూసిన తర్వాత, కొనేవాడు ఊరిదాకా వస్తేనే. శెనక్కాయ దెబ్బతిన్న ఏడాది కూడా కట్టె అయినా పశువుకు మేత అవుతుంది. జట్రోఫా ఆకు విషం, గింజ విషం, చెక్క కూడా పశువుకు పెట్టడానికి పనికిరాదు.

నివేదికల్లో హెక్టారుకు ఐదు టన్నుల దాకా దిగుబడి రాసుకున్నారు. నీళ్లు పెట్టి, ఎరువు వేసి, ఎంపిక చేసిన మొక్కల మీద వచ్చిన సంఖ్యలను గరుసు నేలకు అంటగట్టారు. వరికో జొన్నకో ఉన్నట్టు జట్రోఫాకు స్థిరపడిన రకమంటూ లేదు. అది ఇంకా అడవి మొక్కే. ఎక్కడో ఏరిన గింజ తెచ్చి నాటితే ఒక చెట్టు కాస్తుంది, దాని పక్క చెట్టు కాయదు. కరువుకు తట్టుకుని బతకడం వేరు, కరువులో కాయడం వేరు. ఈ తేడా రైతుకు ఎవరూ చెప్పలేదు.

తమిళనాడులోని కోయంబత్తూరు, తిరువణ్ణామలై జిల్లాల్లో జట్రోఫా వేసిన రైతుల మీద పరిశోధకులు పరిశీలన జరిపి 2010లో ఫలితాలు ప్రచురించారు. దిగుబడి చెప్పినదానికంటే చాలా తక్కువని, గిట్టుబాటు కావాలంటే నీరు తప్పనిసరని, పంట మార్చుకున్నవారిలో చిన్న రైతులే ఎక్కువ నష్టపోయారని వారు తేల్చారు. నీళ్లున్నవాడు జట్రోఫా ఎందుకు వేస్తాడు? మామిడో, అరటో, బొప్పాయో వేసుకుంటాడు. రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతంలో బోరు నీరు అందిన ప్రతి ఎకరం ఇప్పటికే ఆ దారిన పోయింది.

2009లో విడుదలైన జాతీయ జీవ ఇంధన విధానం గడువును 2017కు జరిపింది. ఆ గడువూ దాటిపోయింది. డీజిల్‌లో బయోడీజిల్ వాటా ఒక శాతానికి కూడా చేరలేదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఛత్తీస్‌గఢ్ జట్రోఫా నూనె నుంచి తీసిన ఇంధనం కలుపుకుని ఎగిరింది. వార్త పతాక శీర్షికలకు ఎక్కింది, పంట మాత్రం చేలోకి తిరిగి రాలేదు.

కానుగ, తీపి జొన్న, కాకినాడ

కానుగ కథ ఇంత చేదు కాదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళా సంఘాలు అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, గిరిజనాభివృద్ధి సంస్థ ఐ.టి.డి.ఎ. తోడ్పాటుతో కానుగ మొక్కలు పెంచాయి, గింజ ఏరి నూనె తీశాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారానికి బదులుగా 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే అయినా ఒక పల్లె సంఘం కర్బనం లెక్కకట్టి అమ్ముకోవడం అప్పట్లో దేశవిదేశాల దృష్టిని ఆకర్షించింది. కర్ణాటకలోని హాసన్ జిల్లాలో వ్యవసాయ విశ్వవిద్యాలయం 2007 ప్రాంతంలో ఇంకో దారి పట్టింది. కానుగ, వేప, ఇప్ప, సిమరూబా వంటి చెట్లను చేల గట్ల మీద, ఇంటి దొడ్లలో కలిపి పెంచమంది. చేనులో పంట యథాతథంగా ఉంటుంది, గింజ అదనపు రాబడి.

ఈ రెండుచోట్లా కానుగ పంట స్థానాన్ని ఆక్రమించలేదు. కాయకపోతే రైతు పస్తులుండడు. నూనె అమ్ముడుకాకపోయినా చెక్క చేనుకు ఎరువవుతుంది, నీడ ఉంటుంది, వేరు నత్రజనిని పట్టి ఉంచుతుంది. కాపుకు వచ్చేసరికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది కాబట్టి దీన్ని నమ్ముకుని అప్పు చేయడం కుదరదు. పక్క ఆదాయంగా పెట్టుకుంటే మాత్రం చెడ్డ బేరం కాదు.

తీపి జొన్న మీద ఇక్రిశాట్ చాలా శ్రమ పెట్టింది. గింజ తిండికి, కాండం రసం ఇథనాల్‌కు, పిప్పి పశువులకు అన్నది వారి సూత్రం. తిండికీ ఇంధనానికీ మధ్య పోటీ లేకుండా చేసే తెలివైన ఆలోచన అది. అప్పటి మెదక్ జిల్లా సంగారెడ్డి దగ్గర రుస్నీ డిస్టిలరీస్ ఈ రసంతో ఇథనాల్ తీయడానికి పూనుకుంది. ఇబ్రహీంబాద్‌లో ఊళ్లోనే రసం పిండే చిన్న యూనిట్ పెట్టి చూశారు. కాండం కోసిన ఒకటి రెండు రోజుల్లో పిండకపోతే తీపి తగ్గిపోతుంది. పంట ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుంది, ఫ్యాక్టరీ మాత్రం ఏడాది పొడవునా తిరగాలి. చక్కెర మిల్లు మొలాసిస్ పక్కనే చౌకగా దొరుకుతుంటే కంపెనీ జొన్న దంటు కోసం ఎందుకు తిరుగుతుంది? ఆ ప్రయోగం వ్యాపారంగా నిలదొక్కుకోలేదు.

మరి బయోడీజిల్ ఫ్యాక్టరీలు ఎక్కడ వెలిశాయి? మెట్ట సీమలో కాదు, కాకినాడ రేవు దగ్గర. అక్కడి భారీ ప్లాంట్లు పామాయిల్ ఉత్పత్తులతోనూ, వాడేసిన వంటనూనె, కొవ్వులతోనూ బయోడీజిల్ చేసుకున్నాయి. గుట్టల మీది గింజ కంటే ఓడలో వచ్చే నూనె నమ్మకమైన ముడిసరుకు. మాట మెట్టకు ఇచ్చారు, మూట రేవుకు చేరింది.

మనలాంటి దేశాల అనుభవం

ఈ కథ మన ఒక్కరిదే కాదు. ఇంధన పంటల్లో వర్ధమాన దేశాలకు ఆదర్శమని చెప్పుకునేది బ్రెజిల్. 1973 చమురు సంక్షోభం తర్వాత 1975లో ప్రోఆల్కూల్ పేరుతో చెరకు ఇథనాల్ పథకం మొదలుపెట్టింది. మధ్యలో చక్కెర ధర పెరిగి, 1989-90లో ఇథనాల్ కరువొచ్చి, బంకుల దగ్గర జనం అవస్థ పడ్డారు. 2003లో పెట్రోలు, ఇథనాల్ ఏ పాళ్లలోనైనా నడిచే కార్లు వచ్చాకే పథకం కుదుటపడింది. ఆ విజయం వెనుక వానతో పండే చెరకు, విస్తారమైన భూమి, దశాబ్దాల పరిశోధన, సర్కారు సొమ్ము ఉన్నాయి. పిప్పినే కాల్చి ఫ్యాక్టరీ నడుపుకోవడం వల్ల ఖర్చూ ఉద్గారమూ తగ్గాయి. బోరు నీటితో చెరకు పండించే ప్రాంతానికి ఆ నమూనా అలాగే అతకదు.

అదే బ్రెజిల్‌లో రాయలసీమకు సరిగ్గా అద్దం పట్టే మరో కథ ఉంది. ఆ దేశపు ఈశాన్య ప్రాంతం మన సీమలాగే కరువు నేల. 2004లో బయోడీజిల్ పథకం తెచ్చినప్పుడు అక్కడి చిన్న రైతుల చేత ఆముదం పండించాలని, వారి దగ్గర కొన్న కంపెనీలకే పన్ను రాయితీలు ఇవ్వాలని ప్రత్యేక ముద్ర ఒకటి పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆముదం నూనె మందం ఎక్కువ, బయోడీజిల్‌కు అంత అనువు కాదు. పైగా మందులు, రంగులు, కందెనల పరిశ్రమలు ఆముదానికి అంతకంటే మంచి ధర ఇస్తాయి. దాన్ని తగలబెట్టడానికి అమ్ముకునేవాడు ఎవడు? కొద్ది ఏళ్లలోనే బ్రెజిల్ బయోడీజిల్‌లో సింహభాగం పెద్ద కమతాల సోయా నూనెది అయిపోయింది. ప్రపంచ ఆముదంలో అత్యధిక వాటా మన దేశానిదే. శెనక్కాయ చేను అంచున నాలుగు సాళ్లు ఆముదం వేసే సీమ రైతుకు ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

ఆఫ్రికాలో దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. 2008 నాటి ఒక అంతర్జాతీయ సర్వే ప్రకారం ప్రపంచంలో దాదాపు 9 లక్షల హెక్టార్లలో జట్రోఫా ఉంది. 2015 కల్లా అది కోటి హెక్టార్లు దాటుతుందని అంచనా వేశారు. బ్రిటన్‌కు చెందిన డి1 ఆయిల్స్‌తో జట్రోఫా సాగుకు 2007లో చేయి కలిపిన బి.పి. సంస్థ 2009లోనే తప్పుకుంది. టాంజానియాలోని కిసరావే జిల్లాలో పదకొండు గ్రామాలకు చెందిన 8,200 హెక్టార్ల పైచిలుకు భూమిని సన్ బయోఫ్యూయల్స్ 99 ఏళ్ల లీజుకు తీసుకుంది. 2011లో ఆ సంస్థ కుప్పకూలింది. కూలి పనులు పోయాయి. గ్రామస్థులు అప్పటిదాకా కట్టెలకు, నీళ్లకు, శ్మశానానికి వాడుకున్న నేల మాత్రం వెంటనే చేతికి తిరిగి రాలేదు.

ఆగ్నేయాసియాలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ పంట విఫలం కాలేదు, విజయమే సమస్య అయింది. ఇండోనేషియా 2025లో డీజిల్‌లో 40 శాతం పామాయిల్ బయోడీజిల్ తప్పనిసరి చేసింది. తోటల కోసం అడవులు నరికారు, బొగ్గులాంటి తడి నేలలను ఎండగట్టారు. ఆ నేలల్లో శతాబ్దాలుగా పేరుకున్న కర్బనం గాలిలో కలిసింది. అలాంటి చోట పెంచిన పామాయిల్ ఆ బాకీ తీర్చడానికి నాలుగు వందల ఏళ్లకు పైగా పడుతుందని 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా తన వంటనూనె కొరత తట్టుకోలేక పామాయిల్ ఎగుమతులు ఆపేసినప్పుడు ఆ సెగ మన వంటింటికీ తగిలింది.

తిండి ధరల మీద ఇంధనం ప్రభావం ఎంతన్నది ఇప్పటికీ వాదనే. 2007 జనవరిలో మొక్కజొన్న రొట్టె ధర పెరిగి మెక్సికోలో జనం వీధుల్లోకి వచ్చారు. 2002 నుంచి 2008 దాకా ఆహార ధరల పెరుగుదలలో 70 నుంచి 75 శాతానికి జీవ ఇంధనాలు, వాటి వెంట వచ్చిన నిల్వల తరుగుదల, స్పెక్యులేషన్ వంటివి కారణమని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డొనాల్డ్ మిచెల్ రాశారు. ఇతరుల అంచనాలు దానికంటే తక్కువే. ఎవరి అంకె నిజమైనా, ఇంజను గింజలు కొనడం మొదలుపెట్టాక బజారులో గింజ ధర చమురు ధరతో ముడిపడుతుందన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. చైనా 2007లోనే కొత్త ధాన్యం ఇథనాల్ ఫ్యాక్టరీలకు అనుమతులు ఆపేసింది.

గింజ ట్యాంకులోకి వచ్చింది

2009 నాటి మన విధానంలో ఒక కట్టుబాటు ఉండేది. తినే గింజ జోలికి, తినే నూనె జోలికి పోము, పంటకు పనికిరాని నేలలోనే ఇంధన మొక్కలు పెంచుతాం అన్నది ఆ కట్టుబాటు. 2018 విధానం దాన్ని సడలించింది. పాడైన ధాన్యం, నూకలు, మిగులు ధాన్యం ఇథనాల్‌కు వాడవచ్చంది. 2020 ఏప్రిల్‌లో భారత ఆహార సంస్థ (ఎఫ్.సి.ఐ.) గోదాముల్లోని మిగులు బియ్యానికి కూడా తలుపు తెరిచారు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు లాగారు. 2013-14లో 38 కోట్ల లీటర్లున్న ఇథనాల్ సరఫరా 2023-24కు 700 కోట్ల లీటర్లు దాటింది. పెట్రోలులో దాని వాటా ఒకటిన్నర శాతం నుంచి 2025లో 20 శాతానికి చేరింది. ఒక ప్రభుత్వ పథకం గడువుకు ముందే లక్ష్యం చేరడం మన దేశంలో అరుదు. చక్కెర మిల్లులకు డబ్బు తిరిగింది, చెరకు బకాయిల భారం తగ్గింది, విదేశీ మారకం కొంత ఆదా అయింది. ఈ మేలును తక్కువ చేయనక్కర్లేదు.

ఖర్చు ఎటువైపు పడిందో కూడా చూడాలి. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్లు, టన్ను మొక్కజొన్న నుంచి 380 లీటర్లు ఇథనాల్ వస్తుంది. కారులో 30 లీటర్ల పెట్రోలు పోయిస్తే అందులో 6 లీటర్లు ఇథనాల్. అది బియ్యంతో చేసిందైతే 13 కిలోలు, మొక్కజొన్నతో చేసిందైతే 16 కిలోల గింజలు. ఆహార భద్రతా చట్టం కింద ఒక మనిషికి నెలకు వచ్చేది 5 కిలోలు. అంటే రాజంపేట నుంచి కారు కడపకు, తిరుపతికి నాలుగైదు సార్లు తిరిగితే రెండున్నర మంది నెల కోటా ఖర్చయినట్టు. పిప్పి పశువుల దాణాగా తిరిగి వస్తుందన్నది నిజమే. పిండి పదార్థం మాత్రం తిరిగి రాదు.

విధానం నిలకడగా కూడా లేదు. ధరలు పెరుగుతాయన్న భయంతో 2023 జులైలో ఎఫ్.సి.ఐ. బియ్యం ఆపారు, డిసెంబరులో చెరకు రసం మీద ఆంక్ష పెట్టారు. తర్వాత రెండూ సడలించారు. 2024-25కు 52 లక్షల టన్నుల బియ్యం కేటాయించారు, అదీ క్వింటాలు 2,250 రూపాయలకు. ఆపిన కాలంలో డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. ఒకప్పుడు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతులకు దిగింది. కోళ్ల పరిశ్రమ దాణా ధర చూసి గగ్గోలు పెట్టింది. రైతుకు కొంతకాలం మంచి ధర వచ్చిన మాట వాస్తవం. బియ్యం మళ్లీ చౌకగా వదిలాక కథ తిరగబడింది. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 కాగా, ఆ ధర అందక పక్కనున్న కర్ణాటకలో రైతులు 2025 నవంబరులో ఆందోళనకు దిగారు. ఇథనాల్ కోసం పంట వేసినవాడి ధర ఢిల్లీ నుంచి వచ్చే ఒక ఉత్తర్వు మీద ఆధారపడి ఉందన్నమాట.

నీళ్ల లెక్క ఇంకా బరువు. చెరకు నుంచి వచ్చే ఒక లీటరు ఇథనాల్‌కు పంటతో కలిపి 2,860 లీటర్ల నీరు కావాలని నీతి ఆయోగ్ తన 2021 రోడ్‌మ్యాప్‌లోనే రాసింది. ఫ్యాక్టరీ వాడే నీరు, వదిలే మురుగు మళ్లీ వేరే. అందుకే తెలుగు పల్లెల్లో గొడవలు వచ్చాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో ఘర్షణ జరిగింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డు మీద బైఠాయించాక ప్రభుత్వం పనులు ఆపింది. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో నిరసన హింసకు దారితీసింది. ఆ ఊరు తుంగభద్ర ఒడ్డున, కర్నూలుకు దగ్గరలోనే ఉంది. ఇంధనం శుభ్రమైనదా కాదా అన్నది అక్కడి జనం ప్రశ్న కాదు. మా బోర్ల సంగతేమిటి, మా గాలి వాసన సంగతేమిటి అన్నదే.

బంజరు ఎవరిది?

ఇరవయ్యేళ్ల ప్రణాళికలన్నిటిలో కనిపించే ఒక పొరపాటు, బంజరును ఖాళీ నేలగా లెక్కపెట్టడం. గుట్టవారల్లో, వంకల పక్కన ఉన్న ఆ నేలలోనే గొర్రెల మందలు, మేకలు బతుకుతున్నాయి. వంట చెరకు, కసువు, సీతాఫలాలు, బోద, మందు మూలికలు అక్కడివే. వాన రాని ఏడాది శెనక్కాయ పోయినా ఇల్లు గడిచేది జీవాలు అమ్ముకునే. తెలంగాణ జిల్లాలతో సహా దేశంలోని పలు మెట్ట ప్రాంతాల్లో పరిశోధించిన ఎన్.ఎస్. జోధా 1980లలోనే చెప్పారు, బీద కుటుంబాల రాబడిలో ఐదో వంతు దాకా ఊరుమ్మడి నేలల నుంచే వస్తుందని. పన్ను రికార్డుల్లో ఆ రాబడి కనపడదు కాబట్టి నేల పనికిరానిదిగా తేలుతుంది. లీజు కాగితం మీద సంతకం పడ్డ రోజు ఆ రాబడి పోతుంది, పరిహారం జాబితాలో దాని పేరుండదు.

ఇప్పుడు నాలుగో విడత మాట మొదలైంది. 2024 నవంబరులో రిలయన్స్ సంస్థ 65,000 కోట్ల రూపాయలతో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు పెడతానని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. ముడిసరుకు ప్రధానంగా నేపియర్ గడ్డి. బంజర్లు, రైతుల భూములు కౌలుకు తీసుకుని పెంచాలన్నది ఆలోచన.

జట్రోఫాతో పోలిస్తే ఇందులో మెరుగులున్నాయి. నేపియర్ తెలిసిన గడ్డి, పాడి రైతులు దశాబ్దాలుగా పెంచుతున్నారు. కౌలు డబ్బు ఖాయమైతే పంట పోయిన నష్టం కంపెనీది, రైతుది కాదు. గ్యాస్ తీయగా మిగిలిన మడ్డి ఎరువుగా నేలకు చేరుతుంది. అయినా పాత ప్రశ్న అలాగే ఉంది. నేపియర్ ఏడాదికి అనేక కోతలు ఇచ్చేది నీరు పెడితేనే. వాన మీద వదిలేస్తే గడ్డి బతుకుతుంది, ఫ్యాక్టరీకి సరిపడా బరువు రాదు. దిగుబడి రాకపోతే జరిగేది రెండింట్లో ఒకటి. బోర్లు దించుతారు, లేదా మాగాణి వైపు జరుగుతారు. ఇన్నాళ్లూ జరిగింది అదే.

రాజంపేట వైపు నీటి మీద ధీమాకు తావు లేదు. వానలో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో కురుస్తుంది. కొన్నేళ్లు అదీ ఉండదు. కొన్నిసార్లు ఒకేసారి వచ్చి పడుతుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లకు ఊళ్లను ముంచేసింది, ప్రాణాలు తీసింది, పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఇలాంటి చోట నీరు అడిగే కొత్త పంటను తేవాలనుకునేవారు ముందు నీటి లెక్క బయటపెట్టాలి.

తీర్పు

ఇరవయ్యేళ్ల అనుభవం వల్ల తేలిన విషయాలు కొన్ని ఉన్నాయి. చేనంతా పరిచిన ఇంధన మొక్క మెట్టలో గిట్టలేదు, గట్టు మీద నిలిచిన కానుగ నష్టం చేయలేదు. తిండి గింజతో ఇథనాల్ దేశ లక్ష్యాన్ని తీర్చింది గానీ మెట్ట రైతుకు దాని మేలు అందలేదు, అందినచోట నిలకడగా లేదు. వాతావరణానికి మేలు జరిగిందా అన్నది ఆ పంట ఏ నేలను, ఏ నీటిని ఆక్రమించిందన్న దాని మీద ఆధారపడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దిగుబడి తప్పినప్పుడు నష్టం మోసింది ఎప్పుడూ బీదవాడే.

కాబట్టి సీమలో ఇంధన పంట పేరుతో ఎవరు వచ్చినా గ్రామసభ నాలుగు మాటలు అడగాలి. మా మండలంలోనే, వాన మీదే, మూడేళ్లు పండించి చూపిన దిగుబడి ఎంత? నీరు ఎక్కడి నుంచి, ఎంత? కొనుగోలు ధర లేదా కౌలు ఎన్నేళ్లకు, ఏ పూచీతో? కంపెనీ ఎత్తేస్తే భూమి ఎన్ని రోజుల్లో తిరిగి మా పేరుకు వస్తుంది, ఈలోగా జీవాలు ఎక్కడ మేస్తాయి? ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద రాకుండా డి.కె.టి. పట్టా భూమిగానీ, ఊరుమ్మడి బంజరుగానీ ఇవ్వకూడదు. ప్రభుత్వం చేయగల మేలు కూడా ఒకటుంది. పంట మీద కాక పంట వ్యర్థం మీద పెట్టుబడి పెట్టాలి. శెనక్కాయ పొట్టు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల టెంకలు, అరటి బొందెలు, పశువుల పేడ మన దగ్గర లేనివి కావు. వాటి కోసం ఎవరి చేనూ ఖాళీ చేయనక్కర్లేదు.

గట్టు మీద కానుగ వేసుకోండి. చేనులో మాత్రం తిండో, మేతో, పండో ఉండనివ్వండి.